పిల్లలు చెయ్యి పెట్టిన హార్మోనియం

1989 అక్టోబరు 22, ఆదివారం, సాయంత్రం అయిదున్నర. రాయచూరు దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ కాలనీలో మా క్వార్టరు వరండాలో కూర్చుని, పడవలో వెంట తీసుకెళ్ళే సామానుకి వెలలు రాయడం మొదలుపెట్టాను.

కాలనీ క్లబ్బు ఆ ఏడాది ఒక మోటారు పడవ కొంది. సెలవు రోజుల్లో కృష్ణలో సరదాగా తిరగడానికి. పడవకీ ఇంజనుకీ బీమా చేయించారు. కార్తీక వనభోజనాలు అవతలి ఒడ్డున పెట్టుకుందామని నిశ్చయమయ్యాక బీమా ఏజెంటు వచ్చి ఒక సంగతి చెప్పాడు. పడవకి ఏమైనా అయితే పడవ డబ్బు వస్తుంది గానీ, అందులో మనం పెట్టుకున్న వస్తువులకి పైసా రాదు. అవీ కావాలంటే ఏ వస్తువు ఎవరిదో, వెల ఎంతో రాసిచ్చి, వేరే ప్రీమియం కట్టాలి. నగలు, నగదు, తినే పదార్థాలు చెల్లవు. క్లబ్బులో ఆడవాళ్ళ లెక్కలు నేనే చూసేదాన్ని కనక ఆ పని నా మీద పడింది.

మా అత్తగారిది తెనాలి వైపు. వరండాలో చిక్కుడుకాయలు తుంచుతూ నన్నే చూస్తోంది.

"బయల్దేరకముందే మునిగేదాని లెక్క రాస్తన్నావా అమ్మాయ్? పులిహోర కూడా రాయి, పాపం దాన్నెందుకు వదిలేశావ్?"

"తిండికి చెల్లదంట అత్తయ్యా."

"అదీ సంబడం! పులిహోరకి లేని బీమా గుండిగకెందుకే?"

నేను రాసుకుంటూ పోయాను. క్లబ్బు వాళ్ళ ఇత్తడి గుండిగ, తపేలాలు, కిరసనాయిలు స్టవ్వు, జంపఖానా, మా ట్రాన్సిస్టరు. చివరికి మాస్టర్ సాబ్ హార్మోనియం దగ్గర ఆగాను.

ఆయన రాయచూరు వారు. శని, ఆదివారాలు బస్సులో వచ్చి, క్లబ్బు గదిలో పిల్లలకి సంగీతం చెప్పేవారు. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. తన ఉస్తాదు చనిపోయే ముందు చేతిలో పెట్టిన హార్మోనియం తప్ప ఆయనకి వేరే ఆస్తి లేదు. దాని మీద వచ్చే ఫీజులతోనే ఆయనా, భార్యా బతికేవారు. మా పుట్టింటి దుకాణం రాయచూరు గంజ్ బజారులో ఉండేది. నేను పరికిణీ కట్టుకునే రోజుల నుంచి ఆయన నన్ను ఎరుగుదురు. వనభోజనాలలో పిల్లల చేత పాడించాలని ఆయన్నీ పిలిచాం.

ఆ సాయంత్రం పాఠం ముగించుకుని బస్సుకి వెళ్తూ మా మెట్ల మీద కూర్చున్నారు.

"దీని వెల ఎంత రాయమంటారు మాస్టర్ సాబ్?"

"వెల ఏంది బిడ్డా? అమ్మేదుంటే గద వెల."

"వెల లేకుంటే వాళ్ళు రాసుకోరు."

"రాసుకోకుంటే మానె. ఇన్నేండ్లు రాయకనే ఉన్నది గద."

"నీళ్ళల్ల పోతే?"

ఆయన నవ్వారు. "నువ్వు మీ నాయిన కంటె ఎక్కువున్నవ్. ఆయన గిట్ల వానకు ముందు గొడుగు లెక్కపెట్టెటోడు. సరే, నీకు ఏం తోస్తే గది రాయి."

నాకు తోచింది రాయడం నాకు చేతకాదు. మరుసటి వారం రాయచూరు వెళ్ళి, వాయిద్యాల దుకాణంలో అడిగాను. అటువంటిది కొత్తదైతే రెండు వేల ఎనిమిది వందలు అన్నారు. వాడినది కనక రెండు వేల రెండు వందలు రాశాను. మొత్తం జాబితాలో అన్నిటికన్నా పెద్ద అంకె అదే.

నవంబరు 12, ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర దాటాక రెండో విడతలో మేం పడవెక్కాం. మా వారు డ్యూటీలో ఉన్నారు. ముందు విడతలో జనం చాలామంది అవతలికి చేరిపోయారు. మా విడతలో వంట సామాను, మా అత్తగారు, నేను, మాస్టర్ సాబ్, ఆయన దగ్గర నేర్చుకునే అయిదుగురు పిల్లలు. వాళ్ళలో ఒకతె నా కూతురు, తొమ్మిదేళ్ళది. పడవ నడిపేవాడు అక్కడి బెస్త కుటుంబం మనిషి.

నది మధ్య దాటాక అడుగున ఏదో గీసుకుని, పడవ ఒక పక్కకి ఎగిరిపడింది. నీళ్ళ కింద రాయి. ఇంజను ఆగిపోయింది. ముందు వైపు పక్క గోడలో జానెడు పగులు, అందులోంచి నీళ్ళు. బెస్త తలగుడ్డ విప్పి పగుల్లో కుక్కాడు. గుడ్డ ఆగలేదు.

"ఎవ్వరు లేవొద్దు! సామాను పారేయుండ్రి. పడవ పైకి లేస్తే పగులు నీళ్ళకు మీదికొస్తది."

ఒడ్డున ఉన్నవాళ్ళు మమ్మల్ని చూసి కేకలు పెట్టారు. రెండు పుట్టీలు, గుండ్రటి బుట్ట పడవలు, మా వైపు బయల్దేరాయి గానీ చాలా దూరంలో ఉన్నాయి. నేను స్టవ్వు, ట్రాన్సిస్టరు పడేశాను. తపేలాలు పడేశాను. గుండిగని పులిహోరతో సహా అత్తగారూ నేనూ కలిసి దొర్లించాం. జంపఖానా తడిసి బరువెక్కి, వదలగానే రాయిలా దిగిపోయింది. పిల్లలు టిఫిను డబ్బాలతో నీళ్ళు తోడుతున్నారు. నీళ్ళు వాళ్ళ మడమలు దాటాయి. అందరికన్నా చిన్నవాడు ఏడవడం మానేసి మాస్టర్ సాబ్ మొహం చూస్తున్నాడు.

బెస్త హార్మోనియం పెట్టె చూశాడు. "సాబ్, అది గూడ."

"ఆగు," అన్నారాయన.

పెట్టె తెరిచి, హార్మోనియం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఇవ్వలేరేమో అనుకున్నాను.

"బిడ్డల్లారా, ఒక్కొక్కరు దీని మీద చెయ్యి పెట్టుండ్రి. లేవకుండ్రి, కూసోనే."

అయిదుగురూ పెట్టారు. నా కూతురు చివర్న పెట్టింది, అలవాటు కొద్దీ స్వరాల మెట్ల మీదే. తిత్తి కట్టేసి ఉంది కనక శబ్దమేమీ రాలేదు. ఆయన కళ్ళు మూసుకుని, "యా అల్లా, ఈ పిల్లల పానాలకు ఇది సదఖా," అని పైకే అన్నారు. తర్వాత రెండు చేతులతో నీళ్ళ దాకా దించి వదిలారు.

రాయచూరులో పుట్టిన నాకు ఆ మాట కొత్త కాదు. ఆపద మీద పడినప్పుడు, మనిషి చేత ముట్టించి ఒక వస్తువు ఇచ్చేస్తారు. ఆపద ఆ వస్తువుతో పోతుందని నమ్మకం. ఇచ్చినదాన్ని ఇక తిరిగి ముట్టరు.

అయితే హార్మోనియం మునగలేదు. కర్ర వస్తువు, తిత్తిలో గాలి. ఒక పక్కకి ఒరిగి, తేలుతూ వెళ్తోంది. పడవలోకి నీళ్ళు రావడం కూడా తగ్గింది. ఆ పన్నెండు కిలోలకే తగ్గిందో, అంతకుముందు పడేసినవాటికి తగ్గిందో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. కాసేపటికి పుట్టీలు వచ్చాయి. రెండో పుట్టిలో మనిషి తెడ్డు తిప్పి అన్నాడు:

"సాబ్, మీ పెట్టె గాడ పోతున్నది. అందుతది, తెస్త."

"వద్దు. పోనీయి."

"అరె, కండ్లకు కనబడుతుంటే ఎట్ల ఇడుస్తరు సాబ్?"

"ఇచ్చేసిన బాబూ. అది నాది కాదిప్పుడు. నువ్వు పిల్లల్ని ఎక్కించుకో."

పిల్లలు మెడలు తిప్పి అటే చూస్తున్నారు. మా అత్తగారు వాళ్ళ తలలు పట్టి ఇటు తిప్పింది. "వెనక్కి చూడకండర్రా. దిష్టి తీసి పారేసినదాన్ని చూడగూడదు." అంతవరకూ ఆవిడ ఏనాడూ ఆయనతో నిండుగా రెండు మాటలు మాట్లాడి ఎరగదు.

డిసెంబరు 4, సోమవారం, బీమా సర్వేయరు క్లబ్బు గదికి వచ్చాడు. మర్యాదస్తుడు. పడవని కాపాడడానికి బరువు పారేస్తే డబ్బు వస్తుందని ఆయనే చెప్పాడు. గుండిగకీ స్టవ్వుకీ ఏ పేచీ పెట్టలేదు. అందుకోసమే బస్సులో వచ్చిన మాస్టర్ సాబ్ వంతు వచ్చింది.

"హార్మోనియం బరువని పారేశారు కదా?"

"లేదు సార్. సదఖా ఇచ్చిన."

సర్వేయరు కలం ఆపాడు. "తర్వాత పట్టుకోవడానికి వీలు కాలేదు కదా?"

"అందేటట్టే ఉండె. నేనే వద్దన్న."

"పెద్దాయనా, నేను అడిగేది వినండి. కొట్టుకుపోయింది, అందలేదు. ఈ రెండు మాటలు చెప్పండి చాలు. అందులో మొదటిది నిజమే కదా."

"రెండోది కాదు గద సార్."

నేను ఉండబట్టలేకపోయాను. "మాస్టర్ సాబ్, మీరు పారేసింది మా పిల్లల కోసమే. న్యాయంగా మీకు వచ్చేదే అడుగుతున్నాం."

"గదే బిడ్డా. పిల్లల పానాలకని ఇచ్చి, మళ్ళ దానికి పైసలు తీసుకుంటే, ఇచ్చినట్టా, అమ్మినట్టా?"

సర్వేయరు జాబితాలో ఆ వరస కొట్టేసి, పక్కన ఆయన చేత సంతకం పెట్టించుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారితో వాదించాను. "గుండిగ డబ్బు తీసుకుంటున్నాం కదా. అదీ అదే నీళ్ళలో పడింది."

"గుండిగ బరువని పారేశాం. ఆయన పిల్లల మీంచి తీసి ఇచ్చాడు. రెండూ ఒకటేనా? ఆ డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెడితే, పోయిన గండాన్ని బొట్టుపెట్టి పిలిచినట్టే. నీ కూతురు కూడా చెయ్యి పెట్టిందే అమ్మాయ్, మర్చిపోకు."

నాకు అటువంటి నమ్మకాలు తక్కువ. నా కూతురు పక్కనే కూర్చుని మజ్జిగన్నం తింటోంది.

కాలనీలో చందా వేసి కొత్తది కొనిద్దామని ఆయన్ని అడిగాను. అయిదుగురు పిల్లల ఇళ్ళ నుంచీ పైసా తీసుకోనన్నారు. "వేరేవాళ్ళిస్తే?" అంటే, "వేరేవాళ్ళు ఎందుకిస్తరు బిడ్డా?" అన్నారు. అడిగి చూశాను. ఎక్కువమంది ఇవ్వలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు ఉట్టి గొంతుతోనే పాఠం చెప్పారు. శ్రుతి కోసం నోటితో 'సా' పట్టుకుని, పిల్లలు అందుకున్నాక ఆపేవారు. దగ్గు మొదలైంది. ఎలక్ట్రిక్ కీబోర్డు ఉన్న మాస్టారొకరు కాలనీకి వచ్చారు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే అటు మళ్ళారు. చివరికి నా కూతురు ఒక్కతే మిగిలింది. ఒక్క పిల్ల ఫీజు ఆయన బస్సు చార్జీకి సరిపోదు. 1990 ఏప్రిల్ 28, శనివారం, వచ్చి చెప్పి మానేశారు.

ఆ మరుసటి ఏడాది దసరాకి గంజ్‌లో ఒక బట్టల దుకాణానికి వెళ్తే, లోపల గజం బద్ద పట్టుకుని ఆయన. నా కూతురికి పరికిణీ గుడ్డ కొలిచి, చింపి, మడత పెట్టి ఇచ్చారు. కొలతకి నాలుగు వేళ్ళు ఎక్కువే ఉంది. దాని తల మీద చెయ్యి వేసి, "మంచిగున్నవా బిడ్డా? తక్కిన నలుగురు మంచిగున్నరా?" అని అడిగారు.

ఒక్కొక్కరి సంగతీ చెప్పాను. చిన్నవాడికి ఆటలమ్మ పోసి తగ్గిందంటే, తగ్గిందా అని రెండుసార్లు అడిగారు.

ఆ రోజు నదిలో పోయినవి:

ఇత్తడి గుండిగ ఒకటి. తపేలాలు రెండు. కిరసనాయిలు స్టవ్వు ఒకటి. జంపఖానా ఒకటి. ట్రాన్సిస్టరు ఒకటి. వీటికి 1990 ఫిబ్రవరిలో డబ్బు వచ్చింది.

పులిహోర, గుండిగెడు. దానికి బీమా లేదు.

హార్మోనియం ఒకటి, జాబితాలో వెల రెండు వేల రెండు వందలు. డబ్బు రాలేదు.

శని, ఆదివారాల సంగీతం తరగతి.

మనుషులు ఎవరూ పోలేదు.