యాభైమూడు అడుగుల పది అంగుళాలు

నేల తుడిచేటప్పుడు తప్ప డార్లా హ్రుస్కా వంగగా నేను చూడలేదు. నలభై ఏళ్లుగా మా కాలేజీ జిమ్‌లో తుడిచే పని ఆమెది. పక్క గదిలో ఆటగాళ్ల చెమట బట్టలు ఉతికే పని నాది. కాబట్టి ఆమె సంగతి చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికుంటుంది?

ఎనభైనాలుగులో డార్లా ఇదే కాలేజీ తరఫున ఇనుపగుండు విసిరింది. యాభైమూడు అడుగుల పది అంగుళాలు! మా కాలేజీ ఆడపిల్లల్లో అంత దూరం అంతకుముందు ఎవరూ విసరలేదు, ఆ తర్వాతా విసరలేదు. జిమ్ గోడమీది రికార్డుల బోర్డులో అందరికన్నా పైన ఆమె పేరు ఎక్కింది.

ఆ చలికాలం దాణా కొట్టు నడిపే మిలో అనేవాడు వచ్చాడు. "రెండు భుజాల మీదా రెండు బస్తాలు పెట్టుకుని నిలబడవే, క్యాలెండరుకి ఫొటో తీస్తా" అన్నాడు. నిలబడింది. బదులుగా ఒక జత మంచు బూట్లు ఇచ్చాడు. పాత వాటికి చిల్లులు పడ్డాయి మరి, నెబ్రాస్కా జనవరిలో పిల్ల ఏం చేస్తుంది? ఆటగాళ్ల పేరు, మొహం ఏ సరుకు అమ్మడానికీ వాడకూడదని అప్పటి నిబంధన. అంతే, ఆటలోంచి తీసేశారు. ఫీజు మాఫీ ఆపేశారు. బోర్డు మీంచి పేరు పీకేశారు. మరి అదే పిల్ల ఫొటో గోడలకంటించి పోటీల టిక్కెట్లు అమ్ముకున్నది ఎవరు? కాలేజీవాళ్లే! అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ.

చదువు మధ్యలో ఆగిపోయింది. వేరే ఊరు పొమ్మని వాళ్లమ్మ బతిమాలింది. "నేనెందుకు పోవాలే? దొంగతనం చేశానా?" అని డార్లా ఆ జిమ్‌లోనే పనికి చేరింది. ప్రతి సోమవారం నిచ్చెనెక్కి ఆ బోర్డు దుమ్ము దులిపేది. తన పేరుండాల్సిన చోట ఇంకొకరి పేరు తుడవాలి. నేనైతే గుడ్డ వాళ్ల మొహాన కొట్టి వచ్చేసేదాన్ని.

కాలం మారింది. కాలేజీ ఆటగాళ్లు తమ పేరుతో, మొహంతో సంపాదించుకోవచ్చని, అందుకు వాళ్లను కాలేజీ శిక్షించకూడదని మా రాష్ట్రం చట్టం చేసింది. ఇప్పుడు గుండు విసిరే బ్రిన్లీ వోబోరిల్ అనే పిల్ల టైర్ల కొట్టు బోర్డు మీద ఇంత మొహంతో నవ్వుతూ ఉంటుంది. మంచి పిల్ల, దాన్నేమీ అనను. కానీ ఆ బోర్డు కిందినుంచి వెళ్లిన ప్రతిసారీ నా కడుపు మండేది.

మొన్న ఏప్రిల్‌లో బ్రిన్లీ యాభైరెండు అడుగులు విసిరింది. బోర్డులో అందరికన్నా పైన దాని పేరెక్కించి, జిమ్‌లో కాఫీ, కోలాచీ బన్నులు పెట్టి పండగ చేశారు. ఆటల డైరెక్టరు కెంట్ మైకు పట్టుకుని "మన కాలేజీ చరిత్రలోనే అతి దూరం" అన్నాడో లేదో, వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"కాదు."

చూస్తే డార్లా, చేతిలో తడిగుడ్డ కర్ర.

"డార్లా గారూ, ఇప్పుడు కాదండీ" అన్నాడు కెంట్.

"ఇప్పుడు కాక ఇంకెప్పుడు? నేను పోయాకా? యాభైమూడు పది. అది నాది."

"చట్టం పాతవాటికి వర్తించదు కదండీ. అయినా ఆ విసురుకి మా దగ్గర ఒక్క కాగితమూ లేదు. పోనీ, వరండాలో మీ పేరుతో చిన్న ఫలకం పెట్టిస్తాంలెండి."

"జాలి ఫలకం నాకొద్దు నాయనా. నీ తలగడ కింద పెట్టుకో!"

నాకు నవ్వాగలేదు. డార్లా జేబులోంచి మడత కాగితం తీసింది. ఇన్నేళ్లూ పిండి డబ్బాలో దాచుకున్నది, ఈ రోజు కోసం తెచ్చుకుంది. బ్రిన్లీకి ఇచ్చి, "గట్టిగా చదువమ్మా" అంది.

ఆ పిల్ల చదివింది. "కుమారి హ్రుస్కా, ఈ కాలేజీ తరఫున మీరు నెలకొల్పిన యాభైమూడు అడుగుల పది అంగుళాల రికార్డును పశువుల దాణా అమ్మకానికి వాడుకోనిచ్చినందుకు మిమ్మల్ని తొలగిస్తున్నాం..." కింద కాలేజీ ముద్ర, అప్పటి డైరెక్టరు సంతకం.

"నన్ను గెంటడానికి కాగితం రాశారుగా? ఇదే అది" అంది డార్లా. "నేను విసరలేదని ఇప్పుడనండి, వింటా."

కెంట్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కమిటీలో పెడదాం" అని గొణిగాడు. డార్లా వింటేగా! నిచ్చెన తెచ్చి గోడకు వేసింది. బోర్డు అక్షరాల పెట్టె ఉండేదే ఆమె అలమరాలో. బ్రిన్లీ వెళ్లి నిచ్చెన పట్టుకుంది.

"కిందికి దిగేది నీ పేరేనే, పిచ్చిదానా!"

"దిగనివ్వండి. మిమ్మల్ని దాటి ఎక్కుతా."

"దాటు చూద్దాం!" అని డార్లా నవ్వింది. తన పేరులో మొదటి అక్షరాన్ని గుడ్డతో తుడిచి గాడిలోకి తోసింది. నాకు ఏడుపొచ్చింది.

"ఎవర్నడిగి పెడుతున్నారు?" అని కెంట్ కింద నిలబడి అరిచాడు.

"తీసేటప్పుడు నన్నెవరడిగారు?"

ఆ కమిటీ ఇంకా కూర్చోలేదు. పేరు తీసెయ్యమని డార్లాకి ఇప్పటికి రెండుసార్లు చీటీ వచ్చింది. రెండో చీటీ వెనక ఆమె ఇలా రాసి పంపింది: "నిచ్చెన నా అలమరా పక్కనే ఉంది. మీరే ఎక్కండి. పట్టపగలు, అందరూ చూస్తుండగా."

ఇంతవరకు ఎవరూ ఎక్కలేదు. సోమవారం వస్తే డార్లాయే ఎక్కుతుంది, దుమ్ము గుడ్డ పట్టుకుని.