హీటర్ కారడం ఆగిన సాయంత్రం

పప్పన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని కలుపుతుండగా నా అరికాలి కింద నేల సన్నగా వణికింది. రోడ్డు మీద బస్సు పోయిందనుకున్నాను. బస్సయితే పోతుంది. ఇది పోలేదు. పిల్లలు కూర్చున్న బల్ల కింద, చెక్క పలక వెనక గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్ ఉన్న చోటు నుంచి గుర్రుమని శబ్దం మొదలై పెరుగుతోంది. పొయ్యి మీది కుక్కర్ ఎంతసేపటికీ విజిల్ వేయకపోతే గుండెలో ఎలా ఉంటుందో నాకప్పుడు అలా ఉంది.

మేం స్కార్‌బరోలో ఒక అంకుల్‌గారి ఇంటి వెనక నిలిపి ఉన్న, చక్రాల మీది చిన్న ఇల్లులాంటి పాత క్యాంపర్‌లో ఉండేవాళ్ళం. నేను ఇండియా నుంచి స్టూడెంట్ పర్మిట్ మీద వచ్చాను. మా ఆయన, ఏడేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు నాతోపాటు వచ్చారు. ఆ రోజుల్లో అద్దెకని ఇళ్ళ కిందుండే ఏ బేస్‌మెంట్ వాటా చూడ్డానికి వెళ్ళినా మాకంటే ముందే మనవాళ్ళ కుర్రాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పి ఉండేవారు. పిల్లలున్నారని తెలిస్తే ఇంటివాళ్ళు మళ్ళీ ఫోన్ ఎత్తేవారు కాదు. రిటైరైన ప్రొఫెసర్ అయిన అంకుల్‌గారు, తన పిల్లల చిన్నప్పుడు సెలవుల్లో తిరగడానికి కొన్న ఆ క్యాంపర్‌ను మాకిచ్చారు. అందులో ఒక కుటుంబం కాపురముంటోందని సిటీ కార్పొరేషన్ వాళ్ళకు తెలిస్తే ఖాళీ చేయించేస్తారనీ, అప్పుడు తన చేతుల్లో ఏమీ ఉండదనీ ముందే చెప్పారు. చలి ముదురుతోంది. అది పోతే మాకు వేరే చోటు లేదు.

హీటర్ కారడం కొద్దిరోజుల ముందు మొదలైంది. బయటి వైపున్న జాలీ తీస్తే, ట్యాంకుకున్న చిన్న వాల్వ్ మూతి నుంచి వేడి నీటి చుక్కలు పడుతూ కనిపించేవి. కింద బకెట్ పెట్టాం. మా ఆయన ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఒకాయన ట్యాంకే పోయిందన్నాడు, ఇంకొకాయన లోపల గాలి తగ్గిందన్నాడు. మా ఆయన మాత్రం వాల్వ్ పాడైందని తేల్చాడు. అలాంటి వాల్వ్ షాపులో దొరకలేదు కానీ ఆ రంధ్రం మరచుట్లకు సరిపోయే ఇనుప బిరడా ఒకటి దొరికింది. వాల్వ్ విప్పేసి, బిరడాకు తెల్ల టేపు చుట్టి బిగించాడు. చుక్క ఆగింది.

"బీటెక్ నీది, పానా నాది," అని నవ్వుకుంటూ వేర్‌హౌస్‌లో షిఫ్టుకు వెళ్ళిపోయాడు. నేనూ నవ్వాను. బకెట్ కడిగి బోర్లించాను కూడా.

నేల వణికాక గానీ తట్టలేదు నాకు. కారుతున్నది పాడైన వాల్వ్ కాదు. లోపల ఎక్కువైన వేడిని బయటికి వదులుతున్న వాల్వ్. మేం కుక్కర్‌కు విజిల్ తీసేసి ఆ రంధ్రం మూసేశాం.

వేడినీళ్ళ కొళాయి తిప్పాను. నీళ్ళకు బదులు బుస్సుమని ఆవిరి చిమ్మింది. భయపడి కట్టేశాను. కట్టేయడం తప్పో, తిప్పడం తప్పో తెలియలేదు. పిల్లలకు కోట్లు తొడిగి, బాబును చంకనేసుకుని, పాప చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాను. ఇద్దరినీ కంచె దగ్గర నిలబెట్టి, క్యాంపర్ ముందున్న గ్యాస్ సిలిండర్ చక్రం తిప్పబోయాను. బిగుసుకుపోయింది. చున్నీ చుట్టి బలమంతా పెడితే కాస్త కదిలింది. మూసుకుంటోందో తెరుచుకుంటోందో అర్థం కాలేదు. ఇండియాలో రోజూ పడుకునే ముందు సిలిండర్ కట్టేసిన చెయ్యే ఇది. అక్కడే వదిలేశాను.

పనిలో ఉన్నంతసేపూ మా ఆయన ఫోన్ లాకర్‌లో ఉంటుంది. అయినా చేశాను, మళ్ళీ మళ్ళీ చేశాను. అంకుల్‌గారూ ఆంటీగారూ కూతురి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళింటి కింద బేస్‌మెంట్‌లో ఉండే కుర్రాళ్ళు పనుల నుంచి ఇంకా రాలేదు.

పాప నా చేతిలోని ఫోన్ వంక చూసింది.

"అమ్మా, షుడ్ ఐ కాల్ నైన్ వన్ వన్? మా టీచర్ చెప్పింది."

"వద్దు."

"బట్ ఇట్స్ ఎమర్జెన్సీ కదా?"

"వద్దన్నానా."

ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. ఆ నంబరుకు చేస్తే ఫైరింజన్ వస్తుంది, వీధంతా చూస్తుంది, తలుపు తీస్తే మా పరుపులు, స్కూలు బ్యాగులు, బియ్యం బస్తా కనిపిస్తాయి. ఇదంతా ఒక్క క్షణంలో నా కళ్ళముందు తిరిగింది. క్యాంపర్ పేలితే పక్కింటి వంటగది ఎంత దూరమన్నది మాత్రం ఆ తర్వాత గుర్తొచ్చింది. అప్పుడైనా ఫోన్ తీయలేదు. పిల్లల్ని అంకుల్‌గారి ఇంటి అవతలి వైపుకు తీసుకెళ్ళి, బేస్‌మెంట్ మెట్ల మీద ఇద్దరినీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బాబు అన్నం అడిగాడు. లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చే ధైర్యం లేకపోయింది.

కాసేపటికి శబ్దం సన్నబడింది. అది మంచికో చెడుకో కూడా నాకు తెలియదు.

షిఫ్టు అయి వచ్చిన మా ఆయన టార్చ్ వేసి జాలీ లోపలికి చూశాడు. మంట ఆరిపోయి ఉంది. సిలిండర్ ఎత్తి చూశాడు. ఒక్క చేత్తో వచ్చేసింది. గ్యాస్ దానంతటదే అయిపోయింది. నేను తిప్పిన చక్రం ఇంకా తెరిచే ఉంది. ఆయన ఖాళీ సిలిండర్ కింద పెట్టి, ఆ చక్రం కట్టేశాడు. ఆ రాత్రి కుర్రాళ్ళు వాళ్ళ హాల్లో మాకు చోటిచ్చారు.

పొద్దున స్కూలుకు నడుస్తున్నప్పుడు పాప అడిగింది, నిన్న ఫోన్ చేసుంటే మన ఇల్లు తీసేసుకునేవాళ్ళా అని. తీసేసుకుంటారు కాబోలు అన్నాను. మరి మనం ఎక్కడుంటాం అంది. స్కూలు గేటు దగ్గర ఆగి ఇద్దరి ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నాను. బాబుకు అర్థమవుతుందో లేదో గానీ వాడికీ కలిపే చెప్పాను.

"మళ్ళీ అలా శబ్దం వస్తే తమ్ముణ్ణి తీసుకుని బయటికి పరిగెత్తు. కాల్ చెయ్. నన్ను అడగకు. నేను వద్దన్నా చెయ్."