నీకొక వాయి, నాకొక వాయి

సంతానలక్ష్మి ఒళ్లు తగ్గుతోందని ముందుగా పసిగట్టినవి ఆమె రవికలే. ఆపరేషన్ అయిన మూడో నెలకే భుజాల మీదనుంచి జారడం మొదలుపెట్టాయి. టైలరు దగ్గర బిగుతు చేయించుకుంది. నెల తిరగకముందే మళ్లీ వదులయ్యాయి. చివరికి అన్నిటినీ మూటగట్టి కింది వాటాలో ఉండే తోడికోడలు సెల్వికి ఇచ్చేసింది. సెల్వికి అవి ఒక్క కుట్టు విప్పకుండా, ఒక్క కుట్టు వేయకుండా సరిపోయాయి.

"నీ ఒళ్లంతా నాకిచ్చేసినావే అమ్మీ!" అని సెల్వి అద్దం ముందు అటూ ఇటూ తిరిగి నవ్వింది. "ఇంక వీధిలో నన్ను చూసి లక్ష్మీ అని పిలుస్తారు చూడు."

సంతానలక్ష్మి కూడా నవ్వింది. ఆ మాట ముల్లులా దిగింది మాత్రం తర్వాత, మెట్లెక్కుతుండగా.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. కెమిస్ట్రీ చదివింది. సత్రపట్టి దారిలో ఉన్న ఒక నూలుమిల్లు ల్యాబులో పత్తి నాణ్యత చూసే పని. భర్త రవిచంద్రన్‌కి మోటారు పంపులు రిపేరు చేసే కొట్టు ఉంది. పెళ్లినాటికే బొద్దుగా ఉండేది. కాన్పు తర్వాత నూట పది కిలోలు దాటింది. షుగరు వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగి, ఎవరో గొంతు నొక్కినట్టు లేచి కూర్చునేది. అన్నీ ఓర్చుకుంది. కానీ ఒక రోజు నాలుగేళ్ల కూతురు అభినయ వీధిలోకి పరిగెడితే, వెంట పరిగెత్తలేక గుమ్మంలో నిలబడి కేకలు వేసింది. ఆటో బ్రేకు చప్పుడు విని కళ్లు మూసుకుంది. పిల్లకు ఏమీ కాలేదు. మరునాడే మదురై వెళ్లి డాక్టరును కలిసింది.

ఆయన ఆమె కడుపులో ఐదింట నాలుగు వంతులు తీసేసి, తక్కినదాన్ని అరటిపండంత గొట్టంలా కుట్టి ఉంచాడు. ఎందుకు కోస్తారో, ఆకలి పుట్టించే హార్మోను ఎక్కడ ఎక్కువగా తయారవుతుందో, జుట్టు ఎందుకు రాలుతుందో, బతికినంతకాలం ఏయే మాత్రలు మింగాలో అన్నీ ముందే చదువుకుని వెళ్లింది. అన్నం తింటూ నీళ్లు తాగకూడదని, ముద్ద గొంతు దాటేదాకా నమలాలని, చాలనిపించాక ఒక్క మెతుకు కూడా ఎక్కువ తినకూడదని తెలుసు. ఇన్ని చదివిన మనిషి ఒక్కటి మాత్రం ఆలోచించలేదు. పిల్లకు అన్నం పెట్టేదెట్లా?

ఆ ఇంట్లో పిల్లకు అన్నం పెట్టే పద్ధతి ఒకటుంది. ఆంధ్రావాళ్లకు వాయి అంటే ఒకసారి బాణలిలో వేసి తీసిన గారెలు. తమిళనాడులో వీళ్లుండే రాజపాళయంలో, తమిళం కలిసిన తెలుగులో, వాయి అంటే నోటికి పట్టే ముద్ద. ఒకే ప్లేటులో పప్పన్నం కలిపి, నెయ్యి వేసి, "నీకొక వాయి, నాకొక వాయి" అంటూ తల్లీపిల్లా తినాలి. అమ్మ తినకపోతే పిల్ల నోరు తెరవదు. అభినయకు పాలు మాన్పించిన నాటినుంచీ ఇదే ఆట. అమ్మ నోరు పెద్దగా తెరిచి, ముద్దను పులిలా అందుకుంటుంటే పిల్ల పడీపడీ నవ్వేది. పెద్ద ఒళ్లు, పెద్ద నోరు, పెద్ద నవ్వు. ఆ ఆటకు సంతానలక్ష్మిని మించినవాళ్లు లేరు.

ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు ఆమెకు గంజినీళ్లు, మజ్జిగ, చారు మాత్రమే. అన్నాళ్లూ పిల్ల కింద పెద్దమ్మ సెల్వి దగ్గర తింది. ఆమె అన్నం తినగలిగిన రోజున ఎంతో ఆశగా ప్లేటులో పప్పన్నం కలుపుకుని పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మొదటి వాయి తిన్నది. రెండోది సగం తినేసరికి రొమ్ము మధ్యలో రాయి పడ్డట్టయింది.

"నాకు చాలు కన్నా. నువ్వు తిను."

"నువ్వు తినలేదే!"

"అమ్మ కడుపు చిన్నదైపోయింది గదా."

"అప్పుడు నాకూ వద్దు," అని పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు చూసి, లేచి, మెట్లు దిగి కిందికి వెళ్లిపోయింది.

సెల్వి కొడుకు కోయంబత్తూరు కాలేజీ హాస్టల్లో ఉన్నాడు. ఇంట్లో తినిపించడానికి ఎవరూ లేని చేయి ఆమెది. సాయంత్రం ల్యాబునుంచి వచ్చేసరికి మెట్ల కిందనుంచి వినబడేది: "ఇదిగో నాకొక వాయి! ఆఁ! ఇప్పుడు మా పులికొక వాయి!" ఆ వెనకే పిల్ల నవ్వు. సంతానలక్ష్మి చెప్పులు విప్పకుండా మెట్ల దగ్గరే నిలబడిపోయేది. పైకి వచ్చిన పిల్ల గడ్డానికి నెయ్యి అంటుకుని ఉంటే, ఆ జిడ్డు మీద ఏదో పగ ఉన్నట్టు తడిగుడ్డతో గట్టిగా తుడిచేది.

"నొప్పి అమ్మా!"

"ఎంత నెయ్యి పోసింది మీ పెద్దమ్మ?"

వీధిలో అందరూ మెచ్చుకునేవారు. "ఏమి లక్ష్మీ, కాలేజీ పిల్ల మాదిరి ఇళైచ్చి, సన్నబడి పోయినావు!" అని ఆపి మరీ చెప్పేవారు. షుగరు మాత్రలు మానేసింది. మెట్లు గబగబా ఎక్కుతోంది. ఇప్పుడు పిల్ల వెంట పరిగెత్తగలదు. కానీ పిల్ల పరిగెత్తేది ఎప్పుడూ కింది ఇంటివైపే. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, "నీ ఒడి గుచ్చుకుంటా ఉండాది" అని జారిపోయేది. కింద సెల్వి ఒడిలో, మామిడిపిందెల నీలం రవిక మీద చెంప ఆనించి, కళ్లు మూసి నమిలేది. ఆ రవిక తనది. ఆ మెత్తదనమూ తనదే. తన పాత ఒళ్లు కింద ఇంట్లో తిరుగుతూ, తన బిడ్డను ఎత్తుకుంటున్నట్టు ఉండేది ఆమెకు.

భర్తతో చెప్పుకుంది. "అక్క పిల్లని తన పక్క తిప్పుకుంటా ఉండాది."

రవిచంద్రన్ గ్రీజు చేతులు కడుక్కుంటూ, "పిల్ల తింటా ఉండాదా లేదా? పైన తింటే ఏమి, కింద తింటే ఏమి?" అన్నాడు.

"ఆ నూనె, ఆ నెయ్యి మీకు తెలియదు. నా రక్తమే గదా దానికీ. షుగరు వస్తే ఎవరు చూస్తారు?"

"సుమ్మా ఉండు లక్ష్మీ, ఊరికే భయపడబాకు. నాలుగేళ్ల పిల్లకి షుగరా!"

భయం నిజమే. కానీ ఆ భయానికి వెనక నిలబడి తోస్తున్నది వేరే ఏదో అని ఆమెకూ తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కిందినుంచి మటన్ కొళంబు వాసన వచ్చింది. పిల్లను పిలవడానికి దిగింది. సెల్వి నేల మీద కూర్చుని తినిపిస్తోంది. తల్లిని చూసి కూడా పిల్ల లేవలేదు.

"రా లక్ష్మీ, నువ్వూ ఒక వాయి..." అని చేయి చాపిన సెల్వి వెంటనే నాలుక కరుచుకుంది. "అయ్యో, నీకు పడదు గదా. పావం!"

ఆ 'పావం' అన్న మాటకు సంతానలక్ష్మి ఒళ్లు మండింది. పిల్లను సగం తిండిలో లాక్కుని పైకి తెచ్చింది. "పెద్దమ్మ కాడికి పోతాను" అని పిల్ల ఏడుస్తుంటే, చీర పక్కకు తీసి పొట్ట మీది మచ్చలు చూపించింది.

"చూడు. నేనూ అట్లే తిన్నాను. ఇంకొక వాయి, ఇంకొక వాయి అని. అందుకే కడుపు కోసినారు. నువ్వు పెద్దమ్మ కాడ తింటా ఉంటే నీకూ కోస్తారు."

పిల్ల ఏడుపు టక్కున ఆగింది. ఒక మచ్చ మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. ఆ రోజంతా కిందికి వెళ్లలేదు. సంతానలక్ష్మికి ఎన్నాళ్లకో గుండె చల్లబడింది. రాత్రి పిల్ల పాలు తాగి పడుకుంటే, అలిగింది, పొద్దునకు మామూలవుతుందిలే అనుకుంది.

పొద్దున దోసె ముట్టలేదు. సాయంత్రం తీసుకురావడానికి స్కూలుకు వెళ్తే టీచరు సత్యప్రియ గేటు దగ్గరకు వచ్చి, డబ్బా మూత తీసి చూపించింది. పెట్టిన పెరుగన్నం పెట్టినట్టే ఉంది.

"మధ్యాహ్నమంతా చొక్కా కిందికి లాగి పట్టుకుని కూర్చుంది మేడమ్," అని తమిళంలో చెప్పింది టీచరు. "నా కాడికి వచ్చి అడిగింది. ఎన్ని వాయిలు తింటే కడుపు కోస్తారు మిస్ అని. ఇంట్లో ఏమైనా చెప్పినారా?"

సంతానలక్ష్మి డబ్బా అందుకుంది. పిల్లను ఎత్తుకుని బండి దగ్గరకు నడిచింది. పిల్ల ముఖం ఆమె మెడకు దగ్గరగా ఉంది. ఆ ఊపిరిలో ఒక తియ్యటి, ఘాటైన వాసన తగిలింది. కాలేజీ ల్యాబులో సీసా మూత తీస్తే వచ్చే వాసన. అసిటోన్. తిండి లేక ఒంట్లో కొవ్వు కరుగుతోందన్న మాట. పిల్లల్లో అది త్వరగా మొదలవుతుందని ఆమెకు తెలుసు. బండి గబగబా ఇంటివైపు తిప్పింది.

ఇంటికి రాగానే అన్నం కలిపింది. "చూడు, అమ్మ తింటా ఉంది. ఏమీ కాదు," అని గబగబా ఒక వాయి, రెండో వాయి, నమలకుండా మూడో వాయి మింగింది. పిల్ల కళ్లార్పకుండా చూస్తోంది. నాలుగోది నోట్లో పెట్టుకోబోతుండగా రొమ్ము పట్టేసింది. నోరంతా నీరూరింది. తొట్టి దగ్గరకు పరిగెత్తి, వంగి, తిన్నదంతా కక్కింది. తల ఎత్తి చూస్తే పిల్ల గోడకు ఆనుకుని, రెండు చేతులతో పొట్ట మూసుకుని నిలబడి ఉంది.

ఇంక ఆమెకు మిగిలింది ఒకటే దారి. మెట్లు దిగడం.

ఎత్తుకుని దిగింది. సెల్వి వాకిట్లో పువ్వులు కడుతోంది.

"అక్కా, మీరు పెట్టండి. నిన్నటినుంచి పాలు తప్ప ఏమీ ముట్టలేదు."

"అదే చూస్తా ఉండాను. పిలిస్తే పారిపోతా ఉండాది. పిల్లకి ఏమి చెప్పినావు లక్ష్మీ?"

చెప్పింది. చెప్పడం అయ్యేదాకా సెల్వి చేతిలో దారం కదల్లేదు.

"నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సింది గదే. నేను తిరిగి రెండు తిట్టేదాన్ని, అయిపోయేది. పిల్ల కడుపు మీద కొట్టినావే!"

సంతానలక్ష్మి తల దించుకుంది. సెల్వి లోపలికి వెళ్లి రసం అన్నం కలుపుకుని వచ్చింది. కానీ పిల్ల నోరు తెరవలేదు. సెల్విని పైనుంచి కిందిదాకా చూసి, "పెద్దమ్మా, నీ కడుపు చూపించు" అంది.

"అడియే, నా కడుపా? ఏంటికే?"

"చూపించు."

సెల్వి వీధివైపు ఒకసారి చూసి, చీర పక్కకు తీసింది. మడతలు మడతలుగా ఉన్న పొట్ట. పిల్ల వంగి, మడతలు ఎత్తి మరీ వెతికింది. బొడ్డు కింద పొడుగాటి గీత ఒకటి దొరికింది.

"కోసినారు!"

"అది మీ అన్న బయటికి వచ్చిన దారి. లోపల కూర్చుని రానంటే రాను అన్నాడు, సోంబేరి. అందుకు కోసినారు. తిన్నందుకు ఎవరిని కోస్తారే? అట్లయితే నన్ను రోజూ కోయాలి గదా!"

పిల్ల తల్లివైపు తిరిగింది. "నీకు?"

సెల్వి ఎదురుగా చెప్పాలి. దానికన్నా ఇంకో ఆపరేషన్ చేయించుకోవడం నయమనిపించింది. "తిన్నందుకు కాదు కన్నా. ఒంట్లో షుగరు ఎక్కువైపోయింది. నీ వెనకాల పరిగెత్తడానికి చేతకాలేదు. నేనే డాక్టర్ని అడిగి చేయించుకున్నాను. నీకు అబద్ధం చెప్పినాను."

"ఏంటికి?"

"నువ్వు పెద్దమ్మ కాడ తింటా ఉంటే... నాకు పొరామెగా ఉండింది."

"పొరామె అంటే?"

సెల్వే అందుకుంది. "పక్కింటి కణ్మణి నీ బొమ్మని ఎత్తుకుంటే నీకు ఒక మాదిరి వస్తుంది చూడు, జుట్టు పట్టి లాగాలని. అదే."

పిల్ల ప్లేటువైపు చూసింది. తర్వాత నోరు తెరిచింది.

సెల్వి ఒక వాయి పెట్టింది. తనొక వాయి తిన్నది. మళ్లీ పిల్లకు. పిల్ల జరిగి జరిగి ఆ నీలం రవిక పక్కకు చేరింది. సంతానలక్ష్మి ఎదురుగా కూర్చుని చూసింది. పిల్ల గొంతు కదిలినప్పుడల్లా తన ప్రాణం లేచి వస్తోంది. పిల్ల చెంప ఆ రవికకు తగిలినప్పుడల్లా అదే ప్రాణం భగ్గుమంటోంది. నోరు విప్పి చెప్పేసింది కాబట్టి తగ్గుతుందనుకుంది. ఏమీ తగ్గలేదు. లేచి పైకి పోదామనిపించింది. పోలేదు.

లోపల స్టవ్ మీద పాలు పొంగిన చప్పుడైంది. "అయ్యయ్యో!" అంటూ సెల్వి ప్లేటును సంతానలక్ష్మి చేతిలో పెట్టి పరిగెత్తింది.

ప్లేటులో ఇంకా సగం అన్నం ఉంది. సంతానలక్ష్మి చిన్న ముద్ద చేసింది. పిల్లకు పెట్టాలా, ముందు తను తినాలా తెలియక చేయి మధ్యలో ఆగింది. గొంతు ఇంకా కక్కిన మంటతోనే ఉంది.

"నువ్వు తినొద్దు," అంది పిల్ల. "నీకు వాంతి వస్తుంది. నువ్వు సుమ్మా నాకు పెట్టు, చాలు."

నోరు తెరిచింది. సంతానలక్ష్మి పెట్టింది. పిల్ల నములుతోంది గానీ, కళ్లు మాత్రం వంటింటి గుమ్మం మీదే ఉన్నాయి, పెద్దమ్మ ఎప్పుడొస్తుందా అని. ఆ చూపు సంతానలక్ష్మికి కనబడుతూనే ఉంది. లోపల సెల్వి స్టవ్ తుడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె గబగబా ఇంకో ముద్ద కలిపి, పిల్ల నోట్లోది మింగీ మింగకముందే పెదాల దగ్గర పట్టుకుంది.

"మెల్లగా అమ్మా," అంది పిల్ల, నోటినిండా అన్నంతో.