తప్పంతా పాటదే

మా ఆఫీసులో పాటలు కట్టేవాడికి ఒకటే జబ్బు. చెవిన పడ్డ చప్పుడు నచ్చితే చాలు, చేసినవాళ్ళ మూతి దగ్గర రికార్డరు పెట్టి "ఇంకోసారి!" అనేవాడు. తుమ్మినా ఇంకోసారే, తలుపు వేసినా ఇంకోసారే. మా అకౌంటెంటు మెట్ల మీద జారి నడుం పట్టుకుని కూలబడితే, పరిగెత్తుకెళ్ళి చెయ్యందించి, లేపి, బట్టలు దులిపి, "సార్, ఆ చివరి మెట్టు ఒక్కటి ఇంకోసారి" అన్నాడు. అప్పట్నుంచి అతని అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఇంకోసారి గారంటే ఇంకోసారి గారే.

మేం చేసేది వీడియో గేమ్. పాట మోగుతుంటే తెర మీద రంగు బిళ్ళలు పైనుంచి జారుతాయి. బిళ్ళ గీతని తాకేసరికి సరిగ్గా దరువు మీద బటన్ నొక్కాలి. ముందు నొక్కినా తప్పే, ఆలస్యమైనా తప్పే. పాట ఇంకోసారి గారిది. ఏ దరువుకి ఏ బిళ్ళ పడాలో కూర్చేది నేను. మా ఇద్దరి పనీ ఆడి చూసి, ఎక్కడ కుదరలేదో తిట్టి మరీ చెప్పేది మా అన్నయ్య.

ఇంకోసారి గారు వాయిద్యం ముట్టుకోగా నేను చూడలేదు. పట్టుకొచ్చిన చప్పుళ్ళని కంప్యూటర్లో కోసి, సాగదీసి, తిరగేసి, ఒకదాని పక్కన ఒకటి అతికిస్తే అదే పాట. అతనికి ఆఫీసు కూడా తగినదే దొరికింది. కింది అంతస్తులో శవపేటికలు చేసే వడ్రంగి ఉండేవాడు. ఆ పై గదులు ఇంకెవరూ తీసుకోకపోతే మాకు దక్కాయి. మేం కిందికి చూడకుండా మెట్లెక్కేవాళ్ళం. ఇంకోసారి గారు మాత్రం సగం రోజు అక్కడే.

"ఆ మూత ఇంకోసారి వెయ్యండి."

"ఇది ఇవాళే పంపాలయ్యా. అవతల మనిషి ఎదురుచూస్తున్నాడు."

"ఆయనకి ఇంక తొందరేముంది?"

వడ్రంగి కాసేపు ఆలోచించి, మూత ఎత్తి మళ్ళీ వేశాడు. మా మూడో పాటలో గుండెల్లో దిగే డ్రమ్ము అదే. మా యజమాని దానికి కుర్చీలో ఊగిపోతూ, "అబ్బ, ఎక్కడ పట్టావయ్యా ఇది!" అన్నాడు. ఎక్కడో చెప్పాం. మళ్ళీ ఆయన ఆ పాటకి ఊగలేదు.

ఆ చలికాలంలోనే అకౌంటెంటు పోయాడు. మెట్లకీ దానికీ సంబంధం లేదు, గుండె ఆగింది. శ్మశానంలో అందరం తలలు దించుకుని నడుస్తున్నాం. పెట్టెని తీసుకెళ్ళే బండి చక్రం కీచుమంది. నా పక్కన మనిషి బిగుసుకుపోవడం తెలుస్తూనే ఉంది. మోచేత్తో పొడిచాను. లాభం లేకపోయింది.

"ఏమనుకోకండి, ఒక్క రెండడుగులు వెనక్కి లాగి... ఇంకోసారి."

బండి పట్టుకున్నవాళ్ళలో ఒకడు అయోమయంలో నిజంగానే వెనక్కి లాగాడు. యజమాని ఇంకోసారి గారి కాలరు పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళాడు. దారి పొడుగునా కంకర మీద చెప్పులు కరకరలాడుతుంటే, ఇతను రికార్డరు ఆపలేదు.

ఇలాంటివాడి చేతిలో మా అన్నయ్య పడ్డాడు.

అన్నయ్య వేళ్ళకి అదొక వరం. బిళ్ళ ఏమాత్రం అటూ ఇటూ పడ్డా, "ఏమే, నిద్రపోతూ పెట్టావా దీన్ని?" అని పట్టేసేవాడు. అలాంటి చెయ్యి తడబడటం మొదలైంది. బటన్ మీద వేలు కాసేపు ఆగిపోయేది, తర్వాత గబగబా పరిగెత్తేది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వదిన సాయం కావలసి వచ్చింది. డాక్టరు దాచలేదు. ఇది నరాల జబ్బు, ముదరడమే తప్ప తగ్గడం ఉండదు, మందు పనిచేసినంతసేపు చెయ్యి మాట వింటుంది, దాని బలం తగ్గాక వినదు. ఇంట్లో ముగ్గురం ఆ మాట మింగి కూర్చున్నాం. ఆఫీసులో చెప్పొద్దని అన్నయ్య ఒట్టు పెట్టించుకున్నాడు.

దాగుతుందా? అన్నయ్య ఆడిన ప్రతి పాటా తెర నిండా తప్పులే. యజమాని వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏమైందయ్యా నీకు?"

అన్నయ్య చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తప్పంతా పాటదే సార్," అన్నాడు ఇంకోసారి గారు కుర్చీలోంచే. "డ్రమ్ము తొందరపడుతోంది. ఆయన చెయ్యి బాగానే ఉంది. పాట మారుస్తా."

మార్చాడు. అన్నయ్య మళ్ళీ తప్పాడు. తప్పు మళ్ళీ పాటదే అయింది. ఇలా బంగారంలాంటి పాటలన్నీ చెడగొట్టుకుంటూ పోయాడు. గేమ్ విడుదల వెనక్కి జరిగింది. యజమాని మాత్రం ఊరుకుంటాడా? "వచ్చే నెల ఆడి చూడ్డానికి కొత్త టెస్టరు వస్తున్నాడు, మీ అన్నయ్యకి నువ్వే చెప్పు" అని ఆ ముక్క నా నెత్తిన పెట్టి వెళ్ళిపోయాడు.

దీనికితోడు ఇంకోసారి గారికి కొత్త పిచ్చి పట్టింది. మధ్యాహ్నమైతే చాలు, అన్నయ్యని గదిలో కూర్చోబెట్టి బల్ల మీద దరువు వేయించేవాడు.

"ఇంకోసారి."

"చెయ్యి నొప్పెడుతోంది గురూ."

"అయితే ఆ నొప్పి మీదే ఇంకోసారి."

అన్నయ్య ఇంటికొచ్చి ముద్ద కలుపుకోలేకపోయేవాడు. వదిన చూసింది, చూసింది, మర్నాడు అన్నం డబ్బా పట్టుకుని ఆఫీసుకి ఊడిపడింది. అన్నయ్య బయట బల్ల దగ్గర ఉన్నాడు. అతని వైపు చూడనైనా చూడకుండా నేరుగా ఇంకోసారి గారి గదిలోకి వెళ్ళింది. వెనకే నేను.

"మీకు మనసుందా? జబ్బు మనిషిని పట్టుకుని ఆడిస్తారా?" అని డబ్బా బల్ల మీద దబ్బున కొట్టింది. మూత ఎగిరి నేల మీద గిర్రున తిరిగి, తిరిగి, ఆగింది.

ఇంకోసారి గారి కళ్ళు మెరిశాయి. నోరు తెరిచాడు. వదిన మొహం చూసి, జీవితంలో మొదటిసారి, మూసుకున్నాడు.

హెడ్‌ఫోన్లు తీసి ఆవిడకిచ్చాడు. "ఇది విని తిట్టండమ్మా."

ఏ కళనుందో, పెట్టుకుంది. మొదట చిరాగ్గా విన్నది. తర్వాత నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"ఇది ఆయన చెయ్యి," అంది.

"అవునమ్మా."

ఇంకాస్త విని, కంప్యూటర్ తెర మీద కదిలే దరువు గీతలో ఒకచోట వేలు పెట్టింది. "ఇక్కడికి మందు బలం అయిపోయింది."

"అందుకే పాట కూడా అక్కడ ఆగుతుంది," అన్నాడతను. "నాది ముక్కలు అతికించిన పాట. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. ఆయన వేలు కదిలితేనే తర్వాతి ముక్క మోగుతుంది. ఆ చెయ్యి ఎన్నిరకాలుగా ఆగుతుందో తెలియాలి కదా, అందుకే అన్నిసార్లు కొట్టించాను. బాగున్నప్పుడు కొట్టింది చాలదు."

"ఆ మాట ఆయనకి చెప్పొచ్చుగా?"

"జాలిపడుతున్నానని తెలిస్తే ఇంక బటన్ ముట్టుకుంటాడా?"

వదిన మూత తీసి తుడిచి, డబ్బాలోది సగం ఇంకోసారి గారి ముందు పెట్టింది.

ఆ పూటే ఇంకోసారి గారు నన్ను కూర్చోబెట్టి గేమ్‌లో ఇద్దరు ఆడే పద్ధతి ఒకటి రాయించాడు. మొదటి ఆటగాడి చెయ్యే తాళం. అతను ఆగితే పాట ఆగుతుంది, కదిలితే కదులుతుంది. రెండో ఆటగాడు దాన్ని అందుకోవాలి. సాయంత్రం యజమాని కొత్త టెస్టరు సంగతి మాట్లాడదామని వస్తే, రెండో బటన్ ఆయన చేతిలో పెట్టాం. మొదటిది అన్నయ్య దగ్గర. పాట మొదలైంది. అన్నయ్య ఆగాడు, యజమాని ముందుకి దూకాడు. అన్నయ్య పరిగెత్తాడు, యజమాని వెనకబడ్డాడు. తెరంతా యజమాని తప్పులే.

"ఏమైంది సార్ మీకు?" అన్నాడు అన్నయ్య.

యజమాని చెమట తుడుచుకుని, "తప్పు పాటదే," అని గొణిగి, "దీన్ని గేమ్‌లో పెట్టండి. ఆ కొత్తవాణ్ణి రావద్దనండి," అన్నాడు.

గేమ్ విడుదలైంది. జనం పెద్దగా కొనలేదు. కంపెనీ మూతపడింది. ఆఫీసుకి తాళం వేస్తుంటే కింద వడ్రంగి ఒక్కడే బయటికొచ్చి నిలబడ్డాడు. ఇంకోసారి గారు మరో ఊళ్ళో పని వెతుక్కుని వెళ్ళాడు. అన్నయ్యకి జబ్బు డాక్టరు చెప్పినట్టే ముదురుతోంది, కర్ర లేకుండా గది దాటలేడు.

ఇప్పటికీ సెలవురోజు వాళ్ళింటికి వెళ్తే ఆ పాట మోగుతుంటుంది. మొదటి బటన్ అన్నయ్యది, రెండోది వదినది. ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా ఆవిడ ఒక్కసారి గెలవలేదు.

"ఇది అన్యాయం! పాట మీ మనిషి! మీరిద్దరూ కలిసి నన్ను మోసం చేస్తున్నారు!" అని బటన్ సోఫా మీద పారేస్తుంది.

అన్నయ్య మొహం కూడా ఈమధ్య బిగుసుకుపోతోంది. లోపల నవ్వు పుట్టినా పెదాల దాకా రావడానికి కాస్త ఆలస్యమవుతుంది. వదినా నేనూ కదలకుండా అతని మొహం చూస్తూ కూర్చుంటాం.

వస్తుంది.