తిప్పేష్ తలపట్టీ

సైన్యం నుంచి వచ్చేసినా హవల్దార్ తిప్పేష్ పొద్దున్నే బూట్లకు పాలిష్ పెడతాడు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌ గేటు దగ్గర కాపలాకు అంత మెరుపు ఎవరూ అడగలేదు. ఎక్కడైనా బావి తవ్వే బోరుబండి తుపాకుల్లా మోగితే మాత్రం చేతిలో చెంబు కింద పెట్టి గోడకు ఆనుకుంటాడు. చప్పుడు ఆగేదాకా కదలడు. అందుకే డాక్టర్లు మెదడు తరంగాలు చదివే తలపట్టీ ఒకటి ఇచ్చి, దాన్ని అతని ఫోనుకు కలిపారు. పట్టీ కట్టుకోగానే ఫోనులోని ఏఐ గొంతు ఎలా ఉన్నారని అడుగుతుంది. అతను నిటారుగా నిలబడి, "బాగుండాను సార్," అంటాడు. పట్టీ ఒప్పుకోదు.

తనిఖీలో తప్పడం అతనికి చేతకాదు. ఒక ఆదివారం పట్టీని భార్య మల్లీశ్వరి తలకు కట్టాడు.

"ఊరికే కూచో. నీకేం దిగులుండాది? రిపోర్టు బాగొస్తాది."

"నాకేముంటాది," అంటూ ఆమె చేటలో శనక్కాయలు ఒలుస్తూనే ఉంది.

కాసేపటికి ఫోను పలికింది: "తిప్పేష్ గారూ, మీలో ఇంత ఆందోళన ఎప్పుడూ కనబడలేదు. చాలాకాలంగా నిద్ర లేనట్టుంది. ఎవరితోనైనా చెప్పుకున్నారా?"

మల్లీశ్వరి చేతులు ఆగిపోయాయి. తిప్పేష్ ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ఎవురికన్నా చెప్పినావా?"

"యాడ చెప్పేది? నువ్వు గోడకాడ ఉంటివే."

పక్క చేనులో బోరుబండి మొదలైంది. తిప్పేష్ గోడవైపు చూశాడు. చేటలోంచి ఒక కాయ తీసి పిడికిట్లో బిగించాడు, లేవలేదు.