పైడమ్మ నూతిలో చేద వేసిన రోజు

ఫిజీ దీవుల్లోని లంబాసలో మమ్మల్ని దింపేటప్పటికి వాన. పెద్ద ఓడ అక్కడిదాకా రాదు. చిన్న పడవలో ఏరు ఎదురెక్కి, చక్కెర మిల్లు పక్కన బురదలోకి దిగాం. రెండు ఒడ్లా మడచెట్లు. దోమలు. అందరివీ ఉత్తికాళ్ళు, నా కాళ్ళకు మాత్రం పల్టన్ బూట్లు. కూలీలుండే కొట్టాల వరసల్ని అక్కడ లైన్లంటారు. వాటి సర్దారు అవి చూసి పగలబడి నవ్వాడు.

"అరే, జనరల్ సాబ్ ఆయా!"

నవ్వితే నవ్వనీ అనుకున్నాను. పల్టన్ నుంచి పేరు కొట్టేసి పంపినప్పుడు నాకు మిగిలినవి ఆ బూట్లే. ఊళ్ళో పని లేదు. విశాఖపట్నంలో ఐదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేశాను. దాన్నే అక్కడ గిరిమిట్ అంటారు. మీరంతా చుట్టూ కూర్చుని "ఏ యుద్ధం చేశావు పెద్దాయనా?" అంటారు. నేను తుపాకీ పేల్చింది తక్కువ, నుయ్యి దింపింది ఎక్కువ. దండు ఆగిన చోటల్లా నేలలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, దానికి చేతిపంపు బిగించి, నీళ్ళు పుట్టించడం మా కంపెనీ పని. ఫిజీ కూడా నాకు అలాంటి పోస్టింగే. తుపాకీ లేదు, అంతే.

మొదటి నెల చెరకు నరికాను. తర్వాత తోట మీది తెల్లదొర బంగళాలో పంపు ఆగిపోయింది. అలాంటి దొరను అక్కడ కొలంబర్ అంటారు. నేను విప్పి బాగుచేశాను. మర్నాటి నుంచి నాకు కత్తి తప్పింది, పానా దక్కింది. ఆర్డరు ఇదీ: ముందు మిల్లు పంపులు, తర్వాత బంగళాలు, తర్వాత మా కూలీ లైన్లు. గిరిమిట్ తీరి సొంత కొంపలు వేసుకున్నవాళ్ళను ఖులా మనుషులంటారు. వాళ్ళ పంపులకు ఆదివారం వెళ్ళొచ్చు, మా సొంత ఓపిక మీద.

సరంజామా మోయడానికి నాకొక జోడీని ఇచ్చారు. గోదావరి మీద పడవ నడిపినవాడు. ప్రతి మాటకూ అండి తగిలిస్తాడు, తిట్టినా అండి తగిలించే తిడతాడు. పెద్ద పానా, చిన్న పానా, పశువుల కొవ్వు డబ్బా, జనపనార, మూటలో తోలు వాషర్లు. ఇంతే మా ఆయుధాలు.

ఆ తోలు వాషరు సంగతి మీకు చెప్పాలి. పంపు గొట్టంలో కడ్డీ చివర ఒక ముద్ద పైకీ కిందికీ ఆడుతుంది. దాని చుట్టూ గిన్నెలా మలిచిన తోలు ఉంటుంది. తడిగా ఉన్నంతకాలం అది గొట్టాన్ని ఒరుసుకుని నీళ్ళు లాగుతుంది. నాలుగు రోజులు పంపు కొట్టకపోతే ఎండుతుంది. ఎండిందా, అప్పడమే.

ఏరు దాటి కొండ వాలున మా జిల్లా మొగుడూ పెళ్ళాలు ఇద్దరుండేవారు. లచ్చన్న, పైడమ్మ. ఖులా అయ్యాక కౌలుకు నేల తీసుకున్నారు. ఇంటి ముందు గొట్టపు బావి నేనే దింపాను. వెడల్పు జానెడు కూడా లేని గొట్టం. అందులో చేద పట్టదు, పంపు ఆడితేనే నీళ్ళు. మొదటి చెంబు రాగానే పైడమ్మ పంపుకు పసుపు రాసి దండం పెట్టింది. నేను లచ్చన్నకు మరీ మరీ చెప్పాను.

"రోజూ ఒక సెంబుడు నీళ్ళు పోసి కొట్టండ్రా. ఎండబెట్టీకండి."

"అలగే పల్టనన్నా," అన్నాడు.

పైడమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పోయారు. ఇద్దరూ లైన్లలో పుట్టినవాళ్ళే. పురుడు లేదు, స్నానం లేదు. ఒంట్లో పచ్చి ఆరకుండానే ఆమెను చెరకులోకి తోలారు. పసివాళ్ళను గట్టు మీద గోనెసంచిలో పడుకోబెట్టి కలుపు తీసిందట. అందుకని ఈసారి పట్టుబట్టింది. అన్నీ మన ఊళ్ళో జరిగినట్టే జరగాలి. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో నాడు తను నూతికి పసుపుకుంకాలు పెట్టి చేద వేసేదాకా, అంటే ఇక్కడ పంపు కొట్టేదాకా, ఆ నుయ్యి ఎవరూ ముట్టకూడదు.

పోనీ, ముట్టడానికి ఎవరున్నారు? చెరకు ఆడే కాలం, లచ్చన్న మిల్లులోనే పడుకుంటున్నాడు. పక్క గూడెంలోని ఫిజీ ఆవిడ, మెరె, రోజూ కిరసనాయిలు డబ్బాలో ఏటి నీళ్ళు తెచ్చి పోసేది. పంపు ఉండగా ఏరెందుకని ఆమె పిడి మీద చెయ్యి వేయబోతే, పైడమ్మ పడుకున్నచోటి నుంచే కేకేసి ఆపిందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ యేడు వానల్లేవు. ఏరు సన్నబడి, పశువులు దిగిన గుంటలే మిగిలాయి. పుట్టిన బిడ్డకు పట్టిందీ ఆ నీళ్ళే.

చేద వేసే రోజు ఆదివారం వచ్చింది. లచ్చన్న మిల్లు నుంచి వస్తూ దారిలో మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఏమి సంబరం మనిషికి! అరటిగెల భుజాన వేసుకుని ముందు నడిచాడు.

పైడమ్మ తలంటుకుని, ఉతికిన కోక కట్టుకుని వచ్చింది. చేతిలో బిడ్డ. మగపిల్లవాడు. రెండు రోజులుగా విరేచనాలట. కళ్ళు లోతుకు పోయి, ఏడుపు పిల్లికూనలా ఉంది.

ఆమె పంపుకు పసుపు రాసింది, బొట్లు పెట్టింది, అరిటాకులో పూలు పెట్టింది. బిడ్డను లచ్చన్నకిచ్చి పిడి పట్టుకుని కిందికి నొక్కింది. పిడి గాలికి ఊగినట్టు ఊగింది. మళ్ళీ నొక్కింది. లోపల కర్రు కర్రుమంది. నీళ్ళు లేవు.

"ఏటన్నా ఇది?" అంది. "గంగమ్మకు నా మీద కోపమొచ్చినాదా?"

"కోపం కాదు సెల్లీ. తోలు ఎండిపోనాది."

విప్పి చూశాం. వాషరు మూడు ముక్కలైంది. మూట దులిపాను. చివరి వాషరు ముందురోజే బంగళా పంపుకు వేసేశాం. జోడీ మిల్లు స్టోరుకు పరుగెత్తాడు. పొద్దు వాలాక చెమటలు కక్కుతూ వచ్చాడు.

"వాషర్లు లేవండి. స్టీమరు వస్తేగానీ రావటండి."

"ఎప్పుడొస్తాదంట?"

"వాడికి మాత్రం ఏం తెలుసండి, వాడి మొహం!"

లైన్లలో బావులున్నాయి. మెరె, లచ్చన్న చెరో రెండు డబ్బాలతో అక్కడికి బయల్దేరారు. ఏరు దాటి వెళ్ళి రావాలి. ఆస్పత్రికి తీసుకెళదామని నేనన్నాను. పైడమ్మ బిడ్డను ఇంకా దగ్గరకు లాక్కుంది.

"రెండోదాన్ని ఆస్పత్రికే ఇచ్చినాను. దుప్పటి ఒక్కటే తిరిగొచ్చింది."

నా బూట్ల వంక చూసుకున్నాను. పైభాగం మంచి తోలు, పల్టన్ తోలు. కుడి బూటు విప్పి కత్తి తీశాను.

పైడమ్మ చూసింది. "ఓలమ్మా, కాలికి తొడిగింది గంగమ్మ నోట్లో పెడతావా అన్నా?"

ఆమె బిడ్డ మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"పెట్టు," అంది. "నీలు రానీ. తప్పయితే నాకే అంటుకోనీ."

గుండ్రంగా కోశాను. బిగించి కొట్టి చూశాం. తోలు మందం, గొట్టంలో కదలదు. పలచగా చెక్కి వేస్తే ఒరుసుకోదు. జోడీ పిడి దగ్గర, నేను గొట్టం దగ్గర.

"పట్టిందా అండి?"

"నేదు. ఆపు."

"ఇప్పుడండి?"

"నేదురా!"

అది నానాలి. వేరే దారి లేదు. గోరువెచ్చని కొవ్వులో వేసి కూర్చున్నాం. దండులో ఎన్ని బావులు దింపానో! శత్రువు ఎదురుగా ఉన్నా చేతులకు పని ఉండేది. ఆ రోజు నా చేతులకు పని లేదు. తోలు నానేదాకా ఒక మగాడు చెయ్యగలిగింది ఏమీ లేదని తెలిస్తే ఎంత అవమానంగా ఉంటుందో మీకు చెప్పలేను. మర్నాడు హాజరు పట్టీలో మేం లేకపోతే శిక్ష పడుతుందని జోడీ గుర్తుచేశాడు. పడనీ అన్నాను.

లైన్ల నీళ్ళు వచ్చాయి. కాచి, చల్లార్చి, గుడ్డ ముంచి బిడ్డ నోట్లో పిండారు. వాడు మింగలేదు.

తెల్లవారకముందే పోయాడు. పైడమ్మ ఏడవలేదు. మెరె ఏడ్చింది, వాళ్ళ పద్ధతిలో, సాగదీసి, పెద్దగా. లచ్చన్న అరటిగెల పక్కన చతికిలబడ్డాడు.

నేను తోలు తీసి చూశాను. మెత్తబడింది. ఇప్పుడెందుకని జోడీ కళ్ళతోనే అడిగాడు. మొదలెట్టిన పని కనక బిగించాను. మరేం చెయ్యాలో తెలియక బిగించాను. పైనుంచి చెంబుడు నీళ్ళు పోసి కొట్టాడు జోడీ. గడగడమంది. ముందు బురద, ఆ తర్వాత తేట నీళ్ళు. ధార కట్టి పడ్డాయి.

ఆ నీళ్ళు ముందురోజే వచ్చి ఉంటే బిడ్డ బతికేవాడా? నాకు తెలీదు. మీరెవరూ నాకు చెప్పొద్దు.

పైడమ్మ లేచి వచ్చింది. జోడీని పక్కకు జరగమని చెయ్యి ఊపింది. తనే పిడి పట్టుకుని కొట్టింది. మొదటి చెంబు పట్టి బిడ్డకు స్నానం చేయించింది. పసుపు రాసింది. మళ్ళీ వచ్చి పిడి పట్టుకుంది. కొడుతోంది. కింద కుండ లేదు, చెంబు లేదు. లచ్చన్న వచ్చి "సాలే, పైడీ" అన్నాడు. వినలేదు. నేను "ఇంక ఒగ్గెయ్ సెల్లీ" అన్నాను. ముందురోజు పెట్టిన బొట్లు కరిగి నీళ్ళతోపాటు ఇంటి ముందు నుంచి చెరకులోకి పారాయి.

మా జీతం కోసేశారు. గిరిమిట్ తీరాక కొలంబర్ ఉండిపొమ్మన్నాడు. నేను మద్రాసు ఓడ ఎక్కాను. బయల్దేరేముందు చివరిసారి వెళ్ళి చూశాను. ఆ పంపు ఆడుతోంది. మెరె పిల్లలు నీళ్ళు పట్టుకుంటున్నారు. పైడమ్మ నన్ను చూసి చిన్నగా తలూపింది.

"తోలు బాగున్నాది అన్నా," అంది. "రోజూ కొడతన్నాను. ఎండనివ్వటం నేదు."

ఎడమ బూటు ఇదిగో, అటక మీద ఉంది. రెండోది ఏమైందని నా మనవలు అడుగుతారు, యుద్ధంలో పోయిందంటాను. వాళ్ళు నమ్ముతారు. కళ్ళు మూస్తే మాత్రం ఆ చెయ్యే కనిపిస్తుంది. గాజులు మోచేతి దాకా జారి, మళ్ళీ మణికట్టు దాకా జారి, పైకీ కిందికీ, కుండ లేని చోట నీళ్ళు పోస్తూ.