వారానికి ఆరు ఫిర్యాదులు

రాయపూర్ దేవేంద్ర నగర్‌లో ఉండే గురునాథంగారికి ఒకే ఒక్క అలవాటు. ఫిర్యాదు రాస్తారు. రాసిన ఫిర్యాదు తీరిందని మాత్రం ఒక పట్టాన ఒప్పుకోరు. పొడుం, పేకాట, కిళ్లీ లాంటివి మనుషులకి ఒక్కొక్కటిగా అంటుకుంటాయి. ఆయనకి అవన్నీ కలిసి ఈ ఒక్కటిగా అంటుకున్నాయి. ఎండ ఎక్కువైతే రాస్తారు, వాన తక్కువైతే రాస్తారు. ఒకసారి పెళ్లిభోజనంలో పప్పులో ఉప్పు తగ్గిందని, విస్తరి పక్కనే కాగితం పెట్టుకుని, టైము వేసి, సంతకం చేసి, పెళ్లికూతురు తండ్రికి అందించి రసీదు అడిగారు. ఆ రోజు నుంచి సరోజినిగారు పెళ్లిళ్లకి భర్తని ఇంట్లో వదిలేసి వెళ్తున్నారు.

ఊరందరికీ కొంచెం కొంచెంగా తగిలిన ఆ అలవాటు నిండా తగిలింది నళినికి.

నళినికి ఇరవైతొమ్మిదేళ్లు. తండ్రి లేడు. తల్లి పార్వతమ్మ అదే ఊళ్లో పండరీ బజార్లో ఒక బట్టల కొట్టు అరుగు మీద మిషను పెట్టుకుని చీరలకి ఫాల్స్ కుడుతుంది. నళిని ఉద్యోగం నయా రాయపూర్‌లో. అక్కడ రోడ్డు ఎంత వెడల్పంటే, ఇవతలి నుంచి అవతలికి దాటేవాడు మధ్యలో తినడానికి ఏదైనా కట్టుకుని బయల్దేరాలి. ఎంత ఖాళీ అంటే, దాటేవాడే కనపడడు. ఆ రోడ్డు పక్కన ఒక మేడ మీద రెండు గదుల్లో 'సుల్ఝావ్' అనే వెబ్‌సైటు నడుస్తుంది. సుల్ఝావ్ అంటే హిందీలో చిక్కు విప్పడం. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎక్కడైనా చిక్కుకుంటే అందులో ప్రశ్న వేస్తారు. తెలిసినవాళ్లు జవాబు చెప్తారు. తెలియనివాళ్లు ఇంకా పెద్ద జవాబు చెప్తారు. సైటులో ఏదైనా పాడైతే రాయడానికి ఒక ఫిర్యాదుల పేజీ ఉంది. అందులో వచ్చేవి చదివి, సరిచేసి, సమాధానం చెప్పడం నళిని పని. ఆరేసి నెలల ఆర్డరు మీద, పొడిగింపు వెనక పొడిగింపుగా చేస్తోంది.

లోకంలో ఫిర్యాదుల పెట్టెలు రెండే రకాలు: తాళం వేసినవి, తాళంచెవి పోయినవి. ఎన్ని ఊళ్లు తిరిగినా మూడో రకం కనపడదు. ఒక ఊళ్లో పెట్టె లోపల పిచ్చుక గుడ్లు పెట్టింది. ప్రజలకి కాకపోయినా ఒక ప్రాణికి ఉపయోగపడింది. రాజుల కాలంలో కోట గుమ్మానికి గంట కట్టేవారని, అన్యాయమైపోయినవాడు తాడు లాగితే రాజు లేచొచ్చేవాడని పుస్తకాల్లో చదువుతాం. ఆ తాడు ఎంత ఎత్తున కట్టారో మాత్రం ఏ పుస్తకమూ రాయలేదు. సుల్ఝావ్ యజమాని మోహనకృష్ణ పాపం కొత్త ఉత్సాహంలో తాడు కిందికే కట్టాడు. ఫిర్యాదు చేసినవాడు తనే వచ్చి 'సరిచూశాను' అనే మీట నొక్కితే తప్ప ఆ ఫిర్యాదు మూతపడదు. ఎక్కడో విదేశీ సైటులో చూసి ముచ్చటపడి పెట్టుకున్న నియమం. అప్పటికి అతనికి గురునాథంగారి సంగతి తెలియదు.

గురునాథంగారు పేరు చెప్పనక్కర్లేని ఒక ఉక్కు ఫ్యాక్టరీలో, లోపల తిరిగే గూడ్సుబళ్ల లైనుకి సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. తోటివాళ్లు మోకాళ్ల నూనె కొనుక్కుంటే ఆయన కంప్యూటరు కొనుక్కున్నారు. "ప్రోగ్రామింగంటే ఏటుందోయ్? ఈ సిగ్నలు పడాలంటే ఆ గేటు మూసుండాల. అంతే కదా!" అంటూ నేర్చేసుకున్నారు. 2021 జూలైలో సుల్ఝావ్‌లో చేరారు. చేరిన మర్నాడే మొదటి ఫిర్యాదు, హిందీలో:

"ఉదయం 6.40. స్థలం: బయటికి వెళ్లే (లాగౌట్) మీట. నొక్కగా, బయటికి పంపినట్టు బోర్డు చూపినది. వెనక్కి బాణం నొక్కగా నేను లోపలే ఉన్నాను. గేటు మూసినట్టు దీపం వెలుగుచున్నది, గేటు తెరిచి ఉన్నది. ప్రాణాపాయం."

నళిని ఆ రోజే సరిచేసి ఫోన్ చేసింది.

"ఠీక్ కర్ దియా సర్. బటన్ దబా దీజియే," అంది, బాగుచేశాను, ఇక మీట నొక్కండని.

"కిస్‌నే ఠీక్ కియా? నామ్ బతావో. టైమ్ బతావో." బాగుచేసింది ఎవరో పేరు కావాలట, టైము కావాలట.

"అయ్యో రామా!" అంది నళిని ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని. చెయ్యి సరిగా అడ్డం పడలేదు.

"ఏటీ, మనోళ్లేనా? మీదే వూరమ్మా?"

"మా నాన్నగారిది బొబ్బిలండీ."

"అదీ! మాది పార్వతీపురం. పక్కపక్కనే."

"మరింకేం బాబాయ్‌గారూ, ఆ మీట నొక్కేయండి."

"అప్పుడేనా? వానలో చూడాలమ్మా."

"సైటుకి వానేంటండీ?"

"వానొస్తే మా ఇంట్లో నెట్టు సగమే వస్తాది. సగం నెట్టుకి మీ పేజీ సగమే తెరుచుకుంటాది. ఆ సగంలో గేటు మూసుందో లేదో చూడొద్దా? వానలో ఒకసారి, ఎండలో ఒకసారి, కరెంటు పోయొచ్చాక ఒకసారి. అప్పుడు నొక్కుతాను." ఆ వెంటనే, "ఈ పనికి ఎంతమందున్నారు?" అని అడిగారు.

"నేనొక్కదాన్నే బాబాయ్‌గారూ. ఫిర్యాదులు చూడ్డానికే పెట్టారు నన్ను."

"హూఁ" అన్నారు గురునాథంగారు. ఆ 'హూఁ'కి అర్థం నళినికి మూడేళ్లకి గానీ తెలియలేదు.

ఆ తర్వాత ఫిర్యాదులు తెలుగులో మొదలయ్యాయి. వారానికి ఆరు. ఐదు కాదు, ఏడు కాదు. ఒక్కోదాన్నీ పదేసి వారాలు పరీక్షిస్తే గానీ మీట నొక్కరు. "ఒక జవాబు కింద 'మూడు నిమిషాల క్రితం' అని ఉన్నది. నేను స్నానం చేసి, టిఫిన్ తిని, పండరీ వెళ్లి రెండు లుంగీలు బేరమాడి కొనుక్కుని వచ్చితిని. ఇంకనూ మూడు నిమిషాల క్రితమే. ఈ మూడు నిమిషాలలో నా జీవితములో నాలుగు గంటలు పోయినవి." ఇంకోటి: "ఒక్కసారి ఓటు నొక్కితే రెండు పడుచున్నవి. ఇది ఎన్నికలలో కూడా బాహాటంగా జరగదు." విసిగిపోయిన నళిని ఒకసారి ఆయన పేరు పక్కన 'ఉత్తమ సభ్యుడు' అనే బిళ్ల పెట్టింది, కాస్త మెత్తబడతారేమోనని. మర్నాడే ఫిర్యాదు: "విచారణ జరపకుండా నాకు బిళ్ల ఇచ్చినారు. లోపము."

"ఎవరే ఆ ముసలాయన?" అంది పార్వతమ్మ, కూతురి ఫోన్ టింగుమన్నప్పుడల్లా. "పెళ్లిచూపులకొచ్చినోళ్లయినా ఇన్నిసార్లు కబురెట్టరు."

"నా ప్రాణానికి పుట్టాడమ్మా!" అనేది నళిని.

నవ్వులు అక్కడికి ఆగిపోయాయి. 2024 జూన్‌లో ఒకరోజు మోహనకృష్ణ ఆమెని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ముందు గదిలో ఎవరూ లేకపోయినా వేశాడు.

"బెంగళూరు కంపెనీ మన సైటు కొంటోంది నళినీ. ముప్ఫయ్యో తారీఖుకి చూడ్డానికొస్తారు. తీరని ఫిర్యాదులు అరవైమూడు చూపిస్తోంది. అరవైమూడూ ఆ బుడ్ఢా గురునాథంవే!"

"అన్నీ ఎప్పుడో సరిచేశాను సర్. ఆయన మీట నొక్కట్లేదు, అంతే."

"అదంతా నాకనవసరం. జీరో కావాలి. జీరో చేశావా, నువ్వు పర్మనెంట్. పక్కా. చెయ్యలేదా, జూలై ఆరుకి నీ ఆర్డరు అయిపోతోంది. తెలుసుగా?"

తెలుసు. ఆ తారీఖు ఇంట్లో క్యాలెండరు మీద పార్వతమ్మ పసుపుతో గుర్తు పెట్టుకుంది కూడా.

ఆ ఆదివారం నళిని దేవేంద్ర నగర్ వెళ్లింది. మూడేళ్లుగా ఫోనులో విన్న గొంతుకి ఇంత బక్కపల్చటి మనిషి ఉంటాడని అనుకోలేదు. సరోజినిగారు టీ ఇచ్చి, "నువ్వేనా తల్లీ ఆ నళినివి? నీ ఓపికకి దండం పెట్టాలి" అన్నారు. నళిని టీ ముట్టకుండానే సంగతంతా చెప్పింది.

గురునాథంగారు అంతా విని, "రాసిచ్చాడా?" అన్నారు.

"ఏంటి?"

"పర్మనెంటు చేస్తానని. కాగితం మీద రాసిచ్చాడా?"

"నోటితో చెప్పారు."

"నోటిమాట మీద మా లైన్లో బండి కదిలేది కాదమ్మా. నేను నొక్కను. జీరో మంచిది కాదు. నా మాటిను."

నళినికి మూడేళ్ల కడుపుమంట ఒక్కసారిగా పైకొచ్చింది. "మీకేం బాబాయ్‌గారూ! ఒకటో తారీఖున పెన్షనొస్తుంది. పొద్దుపోక నా పేజీలో తప్పులు వెతుక్కుంటారు. మీ కాలక్షేపానికి మా అమ్మ ఇంకెన్నాళ్లు అరుగు మీద కూర్చోవాలి? మీ వానలూ ఎండలూ చూసి చూసి నా ఉద్యోగం పోతోంది. ఒక్కరోజైనా, ఒక్కటైనా, బాగుందని అన్నారా మీరు?"

సరోజినిగారు ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. లేచి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఒకటి తెరిచి చదవడం, మీట నొక్కడం. ఇంకోటి తెరిచి చదవడం, మీట నొక్కడం. పరీక్షించకుండా నొక్కడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. అరవైమూడోది నొక్కేసరికి టీ మీద మీగడ కట్టింది. "జీరో," అన్నారు, వెనక్కి తిరగకుండా.

జూలై ఆరున మోహనకృష్ణ ఆమెకి స్వీటు పెట్టె ఇచ్చాడు.

"శభాష్ నళినీ! జీరో చూసి వాళ్లు ఫిదా అయిపోయారు. అయితే ఒకటి... ఫిర్యాదులే లేనప్పుడు ఫిర్యాదుల సీటెందుకని రేపు వాళ్లు అడుగుతారు కదా. నేనేం చెప్పను? నువ్వే ఆలోచించు."

నళిని ఆలోచించింది. ఇంత తేలిగ్గా అర్థమయ్యే సంగతి తనకి ముందే ఎందుకు తట్టలేదా అని, ఆ ఖాళీ రోడ్డు పొడుగూతా ఆలోచించింది. ఇంటికి వెళ్లి ఆ పెట్టె తల్లి ముందు పెట్టడానికి కాళ్లు రాలేదు. బస్సు దిగి నేరుగా దేవేంద్ర నగర్ వెళ్లి, గుమ్మంలోనే "మీరన్నట్టే అయింది" అంది.

నేను చెప్పలేదా అంటారని ఎదురుచూసింది. గురునాథంగారు అనలేదు. దండెం మీద తువ్వాలు తీసి, మడతపెట్టి, మళ్లీ ఆ దండెం మీదే వేశారు.

నోరు విప్పింది సరోజినిగారు. "పరదేశని ఈయన దగ్గర హెల్పరుండేవాడమ్మా. ఇద్దరూ కలిసి లైనంతా అద్దంలా ఉంచేవోరు. పద్నాలుగు నెలలు ఒక్క సిగ్నలు చెడితే ఒట్టు. లోపాల రిజిస్టరు తెల్లగా ఉండిపోయింది. ఈయనకి గొప్ప! ఆ తెల్ల రిజిస్టరు పట్టుకెళ్లి పై ఆఫీసులో చూపించారు. లోపాలే లేనికాడ ఇద్దరెందుకన్నారు ఆళ్లు. ఈయనకి గోడగడియారం బహుమతిచ్చారు. పరదేశిని బొగ్గు యార్డులోకి తోసీసారు. రెండేళ్లకి దగ్గు అట్టుకుని వూరెళ్లిపోయాడు."

"ఇప్పుడవన్నీ ఎందుకే?" అన్నారు గురునాథంగారు.

"ఎందుకేటి? ఈ పిల్ల ఫోన్ చేసి, ఫిర్యాదుల కోసమే నన్ను పెట్టారన్న రోజు మీరు అన్నం మానీలేదేటి?" అంటూ ఆవిడ బీరువాలోంచి ఎర్ర అట్ట రిజిస్టరు తెచ్చి నళిని ఒళ్లో పడేశారు. "చూసుకో తల్లీ. మొదటి వర్షాకాలంలోనే మీ సైటంతా పట్టాలెంట నడిచి చూసినట్టు చూసి, పన్నెండొందలు రాసీసుకున్నారు. వారానికి ఆరు మించి పంపితే నువ్వు చకచకా బాగుచేసేస్తావని, చేసేస్తే నీ సీటు ఎత్తేస్తారని దాచుకున్నారు."

నళిని పేజీలు తిప్పింది. తారీఖు, టైము, స్థలం, లోపం. పంపినవాటికి టిక్కులు. పంపనివి ఇంకా రెండువందల ఎనభైఆరు.

"ప్రమాదమున్నవి ఒక్కటీ దాచలేదమ్మా," అన్నారు గురునాథంగారు, నేరం ఒప్పుకుంటున్నట్టు. "అవి మొదట్లోనే పంపీసాను. మనుషుల్ని విసిగించేవి మాత్రమే దాచాను."

"నన్ను విసిగించారు కదా బాబాయ్‌గారూ, మూడేళ్లు!"

"విసుగుతో ఎవరూ చావరు. ఉద్యోగం పోతే..." అని ఆపేసి, వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నారు. "ఆ బెంగళూరోళ్లకి ఫిర్యాదుల పేజీ ఉందా?"

ఉంది. ఆయన అక్కడికక్కడే రాశారు: "స్థలం: మీరు కొనబోవు సైటు. లోపములు రెండువందల ఎనభైఆరు. చూపించినది సున్నా. వివరములు నళినిగారి వద్ద." కింద ఆమె ఫోన్ నంబరు.

మర్నాడు మధ్యాహ్నానికి కల్యాణి అనే ఆవిడ బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. "సున్నా చూడగానే నాకు అనుమానం వచ్చిందండీ. ఫిర్యాదులు లేవంటే సైటు బాగుందని కాదు, చెప్పేవాళ్ల నోరు ఎవరో మూయించారని. ఆ రెండువందల ఎనభైఆరూ మీకు నిజంగా తెలుసా?"

ఎర్ర అట్ట మీద చెయ్యి వేసుకుని, "తెలుసండీ," అంది నళిని.

వారం తిరక్కుండా మోహనకృష్ణ ఫోన్ చేశాడు. ఈసారి 'నళినీ' కాదు, 'నళినిగారూ'. బెంగళూరుకి వెళ్లిన ఆ ఫిర్యాదు వల్ల సైటు ధర సగానికి పడిందట. ఆ రెండువందల ఎనభైఆరూ తనకిస్తే సీటు తిరిగి ఇస్తాడట, ఈసారి నిజంగా పక్కా. "రాసివ్వండి సర్," అంది నళిని. అవతల ఫోన్ పెట్టేశాడు. సైటు మాత్రం అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు నళినికి ఆర్డరు పంపించారు.

దాని అచ్చు కాపీ పట్టుకెళ్లి గురునాథంగారి చేతిలో పెట్టింది. ఆయన సంతకం చూశారు, తారీఖు చూశారు, వెలుతురుకి పట్టి వెనక వైపు కూడా చూశారు.

"'ఫిర్యాదుల పని ఉన్నంతకాలం' అని రాశారేటమ్మా?"

"ఈ రోజుల్లో ఎక్కడైనా అంతే బాబాయ్‌గారూ. ఆ మాత్రం రాసివ్వడమే గొప్ప."

"నీకు అరవై రావాలంటే ఇంకా ఎన్నేళ్లు?"

"ముప్ఫై ఒకటి."

రిజిస్టరు తిరగేసి వేళ్ల మీద లెక్కవేశారు. రెండువందల ఎనభైఆరు, వారానికి ఆరు చొప్పున ఏడాదికి కూడా రావు. ఆయన మొహం చిన్నబోయింది. అంతలోనే ఏదో తట్టింది.

"ఆ కంపెనీకి ఇలాటి సైట్లు ఇంకా ఉన్నాయా?"

"ఏడున్నాయన్నారు కల్యాణిగారు. అవి కూడా నన్నే చూడమన్నారు. ఎందుకండీ?"

"సరోజినీ, నా కళ్లజోడిలా అందుకో!" గురునాథంగారు కంప్యూటరు ముందుకి కుర్చీ లాక్కున్నారు.

"ముప్ఫై ఒక్కేళ్లకి సరిపడా రాస్తారా ఏంటి? అప్పటికి మీకు నూట మూడేళ్లు బాబాయ్‌గారూ!"

"అయితే ఏటి? నాకేమైనా రిటైర్మెంటుందా?" అన్నారాయన. "ఆ ఏడింట్లో మొదటిదాని పేరు చెప్పు."